నవ్వుకు నేను చెప్పిన అర్థం

ఇన్నేళ్లుగా ఎవరూ నా మాట చివరిదాకా వినలేదు. అది ముందు చెప్పాలి. వీధిదీపం వెలగడం లేదని రాశాను, జవాబు రాలేదు. పెళ్లి పత్రికలో నా పేరు మరిచిపోయిన బంధువుకు ఎందుకు మరిచావని రాశాను, అదీ రాలేదు. నన్ను చూడగానే “మళ్ల ఏం కంప్లయింట్ తెచ్చిండో” అని పక్కకు తప్పుకోవడం మా వాడకట్టులో అందరికీ అలవాటు. అందుకే, నా మీద నేనే చేసుకోవలసిన ఫిర్యాదు ఒకటి ఉందని చెప్పబోయినప్పుడు కూడా ఎవరూ ఆగలేదు. మా ఆవిడ సగంలో లేచి కుక్కర్ చూడ్డానికి వెళ్లింది. మీరైనా ఆగండి. చాలాకాలంగా ఇది నా రొమ్ము మీద ఇసుర్రాయిలా ఉంది.

డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూకు వెళ్లాను. నా ఇంగ్లీషు విని అక్కడున్న ఒకాయన పక్కాయన వైపు చూసి నవ్వాడు. చిన్న నవ్వే. ఆయన చొక్కాకు నీలం చారలున్నాయి. జహీరాబాద్ తిరిగొచ్చి అద్దం ముందు నిలబడి ఇంగ్లీషు పేపరు గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఏళ్ల తరబడి చదివాను. నోరు తడబడితే ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి. ప్రేమతో నేర్చుకున్నది కాదు, పగతో నేర్చుకున్నది.

ఆ ఇంగ్లీషు ఒకరికి అవసరమైన రోజు చాలా ఆలస్యంగా వచ్చింది. ముంబై రోడ్డు మీద కొత్త ఫ్యాక్టరీ కడుతున్నారు. దాని యంత్రాలు బిగించడానికి యూరప్ నుంచి ఇద్దరు వచ్చారు. బెల్జియం నుంచి మార్లీన్ అనే ఆవిడ, పోర్చుగల్ నుంచి పావ్లో అనే పెద్దాయన. వాళ్లు ఇంగ్లీషులో చెప్పింది మా పనివాళ్లకు తెలుగులో చెప్పే మనిషి కావాలన్నారు. నన్ను పెట్టుకున్నారు.

గెస్ట్‌హౌస్‌లో వాళ్లతో కలిసి తిన్న మొదటి రోజు ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. మార్లీన్ ఫోనులో వాళ్లమ్మతో డచ్చిలో మాట్లాడుతోంది. మధ్యలో పావ్లోను స్పానిష్‌లో ఏదో అడిగింది. ఆయన పోర్చుగీసులో జవాబిచ్చాడు. ఆమె ఆయన భాష మాట్లాడలేదు, ఆయన ఆమె భాష మాట్లాడలేదు, ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. అంతలో ఆఫీసు నుంచి ఫోనొస్తే జర్మన్‌లోకి వెళ్లింది. అది పెట్టేసి నా వైపు తిరిగి, చారు ఇంకొంచెం పోసుకోమని ఇంగ్లీషులో చెప్పింది. నాకు ఇంగ్లీషు పెళ్లికి మాత్రమే పెట్టెలోంచి తీసే పట్టుచీర లాంటిది. వాళ్లకు భాషలు వాకిట్లో విడిచిన చెప్పులు. కాలికి ఏది దొరికితే అది తొడుక్కొని పోతారు.

ఇన్ని భాషలు ఎక్కడ చదివారని మార్లీన్‌ను అడిగాను. చదివింది తక్కువేనంది. వాళ్లుండే బిల్డింగులో కింద టర్కీ ఆయన కొట్టు, మొదటి అంతస్తులో ఫ్రెంచి మాట్లాడే మొరాకో ముసలావిడ, ఎదురింట్లో పోలండు జంట. మెట్లెక్కి ఇల్లు చేరేలోపు అందరినీ వాళ్ల వాళ్ల మాటలో పలకరించాల్సిందేనట. ఆ ముసలావిడ తప్పులు దిద్ది చేతిలో ఖర్జూరం పెట్టేదట. తప్పు మాట్లాడితే సిగ్గనిపించదా అన్నాను. ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు. తప్పుకూ సిగ్గుకూ సంబంధమేమిటన్నట్టు చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అద్దం ముందు గడిపిన నా ఏళ్లన్నీ ఏమైనట్టు?

మా క్యాంటీన్‌లో అంజమ్మ వంట చేసేది. న్యాల్‌కల్ దగ్గరి పల్లె. పుట్టిల్లు బీదర్ వైపు, కోపమొస్తే కన్నడం వచ్చేసేది. మార్లీన్ రోజూ తిన్నాక పొయ్యి దగ్గర నిలబడి కనిపించిన ప్రతి వస్తువూ వేలితో చూపించేది. అంజమ్మ చెప్పేది. గంటె. ఉప్పు. అల్లం. మధ్యలో నేను అవసరం లేదు. నేను చేయి కడుక్కుంటూ చూసేవాణ్ని. ఇద్దరికీ కలిపి పాతిక మాటలు కూడా లేవు, అయినా పొద్దు తెలిసేది కాదు వాళ్లకు. అబ్బురంగా ఉండేది. ఒళ్లు మండేది కూడా.

ఒకరోజు భోజనాల వరసలో నిలబడి మార్లీన్ పళ్లెం చాపింది. “అంజమ్మక్కా, జర పప్పు ఎయ్యి” అంది.

క్యాంటీనంతా ఘొల్లుమంది. అంజమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది, పళ్లెం పొంగేలా పప్పు పోసింది. ఫోర్‌మన్ యాదగిరి నా భుజం తట్టి, “ఇగ నీ దుకాణం బంద్ సారూ” అన్నాడు. దానికి ఇంకా నవ్వారు.

సాయంత్రం కారులో మార్లీన్ నన్ను అడిగింది, వాళ్లెందుకు నవ్వారని. ముందు చెరకు ట్రాక్టరు అడ్డం ఉంది, కారు మెల్లగా పోతోంది. నిజం చెప్పడానికి బోలెడు సమయం ఉంది. మిమ్మల్ని ఎక్కిరిస్తున్నారు అని చెప్పాను. మీరు వెళ్లగానే మీలాగా మాట్లాడి చూపిస్తారు, ఆ అంజమ్మే అందరికంటే ఎక్కువ, అన్నాను. చెప్పినందుకు ఆమె నాకు థాంక్స్ చెప్పింది.

నవ్వారన్నది అబద్ధం కాదు కదా అని కొన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఎవరిని మోసం చేద్దామని? సంతోషం పట్టలేక నవ్విన నవ్వుకు నేను నీలం చారల చొక్కా తొడిగాను. దుబాసీ చెప్పిన మాటను సరిచూసేవాళ్లు ఎవరూ ఉండరు. అది తెలిసే చెప్పాను.

మర్నాటి నుంచి మార్లీన్ తెలుగు మాట ఎత్తలేదు. నీళ్లు కావాలన్నా నాకు చెప్పేది. అంతకుముందే అంజమ్మ ఆమెను ఆ ఆదివారం ఇంటికి జొన్నరొట్టె తినడానికి పిలిచి ఉంది, వస్తానని ఈమె మాటిచ్చింది. ఇప్పుడు రాలేనని, నొచ్చుకోకుండా చెప్పమని నన్ను పంపింది. పొయ్యి దగ్గరికి వెళ్లాను.

“ఏమన్నది సారూ? ఆదివారం వస్తదా?”

“రాదట.”

“ఎందుకు? పానం బాగలేదా?”

“పానం మంచిగనే ఉంది. మీ అసుంటోళ్ల ఇండ్లకు ఆమె ఎట్ల వస్తదమ్మా?”

అంజమ్మ చేతిలో గంటె అట్లాగే ఉంది. “గట్లన్నదా?”

“అన్నది.”

“నన్ను అక్కా అని పిలిచె గద సారూ.”

అప్పుడైనా నిజం చెప్పవచ్చు. చెప్పలేదు. ఆ తర్వాత వడ్డనకు ఇంకొకావిడ వచ్చేది, అంజమ్మ లోపలి నుంచి కదిలేది కాదు. పని ముగిసి వాళ్లు వెళ్లిపోయే రోజు మార్లీన్ వంటగది గుమ్మం దాకా వెళ్లింది. లోపల అంజమ్మ అటు తిరిగి గిన్నెలు తోముతోంది. ఈమె కాసేపు నిలబడి వెనక్కి వచ్చేసింది. ఒకరికి నవ్వుతారని భయం. ఇంకొకరికి చిన్నచూపు చూశారని కోపం. రెండూ నేను పెట్టినవే.

కారెక్కే ముందు మార్లీన్ చుట్టూ చూసింది. ఎవరూ లేరు. నాతో మాత్రం మెల్లగా అంది, “పోయొస్త సారూ.” పోతున్న అనలేదు. పోయొస్త అంది. ఆ మాట ఎప్పుడు నేర్చుకుందో, ఇన్నాళ్లు ఎక్కడ దాచుకుందో. నేను నవ్వనని నమ్మి నాకొక్కడికే చెప్పింది. నా ఇంగ్లీషు మొత్తం ఆ ఒక్క మాట ముందు నిలబడలేకపోయింది. చేయి ఊపాను, అంతే.

ఇప్పుడు మార్లీన్ ఎక్కడుందో తెలియదు. ఫ్యాక్టరీ వాళ్లను అడిగితే మాకేం తెలుసన్నారు. అంజమ్మ మాత్రం ఇక్కడే ఉంది. వంట మానేసి పొలం చూసుకుంటోంది. మొన్న వానలు వెలిశాక ఆమె ఊరికి వెళ్లాను. తవ్విన అల్లం తొట్లో కడుగుతోంది. నిలబడే అంతా చెప్పాను, ఒక్క మాటా దాచలేదు. కారులో చెప్పింది, పొయ్యి దగ్గర చెప్పింది, చివరికి మార్లీన్ గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయింది కూడా. అంజమ్మ చేతులు ఆగలేదు. అంతా విని, తడి చేతులు కొంగుకు తుడుచుకొని లోపలికి వెళ్లింది. కోడలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. చాలాసేపు కూర్చున్నాను. అంజమ్మ బయటికి రాలేదు. ఇంకోసారి వెళ్లాను. అప్పుడూ అంతే.

మాఫ్ చెయ్యమని అడగడం లేదు. అడిగే ముఖం లేదు. చెప్పిన రోజు మాత్రం, ఎన్నో ఏళ్ల తర్వాత, ఊపిరి లోపలిదాకా పోయింది. ఆ మాత్రం దక్కింది నాకు. కానీ జవాబు రాకుండా వదిలిపెట్టే మనిషిని కాను, అది ఈ ఊరంతటికీ తెలుసు. అంజమ్మా, రేపు పొద్దున మళ్లీ వస్తున్నాను. తిట్టు. కన్నడంలో తిట్టినా సరే, నాకు అర్థమవుతుంది. వాకిట్లోంచి వెళ్లగొట్టినా సరే. కానీ ఊరుకోకు. ఏదో ఒకటి అను.