చెప్పులు విడిచి పాడిన కీర్తన

మా చర్చి పాటల బృందం, కొయిర్, నడిపే ఆంటీ పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. క్లెమెంటి స్టేషన్‌లో ట్రైన్ ఎక్కబోతున్నవాణ్ణి అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. ఆఫీసుకు వెళ్లలేదు.

ఆవిడ మలేషియాలో పుట్టి ఈ ఊళ్లోనే హౌగాంగ్ పేటలో స్థిరపడ్డ తెలుగావిడ. కంప్యూటర్ ఉద్యోగాలంటూ ఇక్కడికి వచ్చిపడ్డ మాలాంటివాళ్లని పోగేసి తెలుగు చర్చిలో కొయిర్ నడిపారు. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త ఒకాయన కట్టిన కీర్తన నేర్పుతానన్నారు. వాయిద్యాలుండవు, ఎనిమిది గొంతులు ఎనిమిది వరసల్లో ఒకేసారి పాడాలి. జర్మన్ మాటలు తెలుగు లిపిలో రాసుకుని బట్టీపట్టాం. ఆఫీసు నుంచి నీరసంగా వస్తే "ముందు మకాన్, తర్వాతే పాట" అని, తిండికి మలయ్ మాట వాడుతూ, పులిహోర పెట్టేవారు. శ్రుతి తప్పితే మాత్రం పెట్టిన చేత్తోనే నెత్తిన మొట్టేవారు. ఆవిడ పెట్టిన నియమం ఒకటే: పాట అయ్యాక, గాల్లో ఉన్న తన చెయ్యి దించేదాకా ఎవరూ కదలకూడదు.

చివరికి పెద్ద హాల్లో పాడే అవకాశం వచ్చింది. చర్చిలో అలవాటు కొద్దీ స్టేజి గుమ్మం దగ్గర అందరం బూట్లు విప్పేశాం. నిర్వాహకుడు పరుగెత్తుకొచ్చాడు.

"షూస్ వేసుకోండి మేడమ్. ఇది కాన్సర్ట్, చర్చ్ కాదు" అన్నాడు ఇంగ్లీషులో.

ఆంటీ మా వైపు తిరిగారు. "పాటలోంచి దేవుడి మాటలేమైనా తీసేశారా? లేదు గదా. మరి చర్చి గాకుండా ఎట్టా పోద్ది?" తర్వాత అతనితో, "నో షూస్. కెన్ సింగ్, వి సింగ్. కెనాట్, వి గో హోమ్ లా" అన్నారు ఇక్కడి ఇంగ్లీషు యాసలో.

నెలల కష్టం గంగపాలేననుకున్నాను. ఆవిడ మాత్రం హ్యాండ్‌బ్యాగు భుజాన తగిలించుకుని నిజంగానే వెనుదిరిగారు. అతనే దిగొచ్చాడు. ఏసీకి చల్లబడ్డ చెక్క మీద వట్టి కాళ్లతో పాడాం. ఆవిడ చెయ్యి దిగేదాకా హాలంతా ఊపిరి బిగబట్టింది, చప్పట్లు ఆ తర్వాతే.

పల్లెటూరి వేషాలని మనవాళ్లే కొందరు నవ్వారు. నవ్వుకోనీండి. కాళ్లకు బూట్లుంటే నాకిప్పటికీ కీర్తనకు గొంతు పెగలదు, ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గూ లేదు.

ఆవిడ పోయిన రోజు సాయంత్రం, ఆవిడ ఉండే అపార్ట్‌మెంట్ బ్లాకు కింద ఖాళీ జాగాలో శవపెట్టె పెట్టారు. అంత్యక్రియల ఏర్పాట్లు చూసే కుర్రాడు "ఫ్లోర్ వెట్ లా, వేర్ షూస్" అన్నాడు. మేం ఒకరి మొహాలొకరం చూసుకుని, బూట్లు విప్పి బయట వరసగా పెట్టి, అదే కీర్తన పాడాం.

పాట అయిపోయింది. వాన మా బూట్లలోకి కురుస్తోంది. దించడానికి ఆ చెయ్యి లేదు. ఎవరం కదల్లేదు.