పేరు చెప్పని తమ్ముడు

విస్సన్నపేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాయన, నా ఒళ్లో బైబిలు చూసి నన్ను చర్చి పాస్టరుగా పోల్చుకున్నాడు. ఫోన్ నా ముందు పెట్టాడు. తెరమీద రెండు పిస్టళ్లు.

"అయ్యగారూ, ఇది కాన్పూర్ ఫ్యాక్టరీదండి, గట్టిది కానీ బరువు. ఇది కొత్త కంపెనీది, చేతిలో తేలిగ్గా ఉంటుందంట, రేటెక్కువ. లైసెన్సు వచ్చేసింది. ఏది కొనమంటారు?"

"ఎందుకండీ, తోటేమైనా ఉందా, కోతులొస్తున్నాయా?" అన్నాను, నవ్వబోయి.

"కోతులకి టపాసులు చాలండి. మా తమ్ముడు నా మామిడితోటలో సగం కలిపేసుకుని కంచె వేశాడు. ఈసారి కోతకి రానివ్వండి వాణ్ని, చెప్తాను. కొన్నాక మీ దగ్గరికి తెస్తా. కొత్త ట్రాక్టర్ మీద చేయి పెట్టి ప్రార్థన చేస్తారుగా, దీనికీ చెయ్యండి."

అన్నదమ్ముల గురించి కంఠతా వచ్చిన బైబిలు వాక్యాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. ప్రార్థనకు ముందు అందరినీ అడిగే మాటే నోటికొచ్చింది.

"ప్రార్థనలో ఇంట్లోవాళ్లందరి పేర్లూ ఎత్తాలండీ. మీ తమ్ముడి పేరేంటి?"

ఆయన చెప్పబోయి ఆగాడు. ఫోన్ జేబులో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. నూజివీడులో దిగుతూ, నా వైపు చూడకుండా "వద్దులెండి" అన్నాడు.

ప్రార్థన వద్దన్నాడో, పిస్టల్ వద్దన్నాడో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇప్పటికీ కొత్త బండి మీద చేయి పెట్టినప్పుడు, ఇంటివాళ్ల పేర్లన్నీ అయ్యాక, ఆ తమ్ముడి కోసం ఒక్క క్షణం ఆగుతాను.