శంకరవ్వ అరుగు

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడినందుకు శంకరవ్వకు అంత దుఃఖం లేదు. ఎదురింటి మగ్దలేనమ్మ అరుగు మీద ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటే మాత్రం ఆమె కడుపులో కుంపటి రాజుకునేది. వాళ్ళంతా ఇదివరకు తన అరుగు మీద కూర్చున్నవాళ్ళే. సిరిసిల్లలో ఆ వాడకట్టు ముచ్చట్లన్నీ తునికాకుతో పాటు అక్కడే కత్తెరకు వచ్చేవి.

మగ్దలేనమ్మ నవ్వినప్పుడల్లా శంకరవ్వ మంచం మీది నుంచే, "నవ్వు నవ్వు, పండ్లూడేదాక నవ్వు" అని దీవించేది.

కొడుకు వెంకటేశ్‌కు సాంచాల మీద బట్ట నేసే పని వదిలి రావడం కుదరక, కరీంనగర్ దవాఖానకు ఆ మగ్దలేనమ్మనే తోడు పంపాడు. బస్సులో శంకరవ్వ ఆమెతో మాట్లాడలేదు. కిటికీ పక్క సీటు మాత్రం వదల్లేదు.

అక్కడ వ్యాయామాలు చేయించే నవీన చెయ్యి వంచి చూసి ఊరుకోలేదు. దేశదేశాల్లో వాడే పద్ధతి ఒకటుందట. ఒంట్లో లోపమేమిటి, ఏ పని చేసుకోలేకపోతున్నారు, నలుగురిలో కలుస్తున్నారా, ఇంట్లో ఏది అడ్డం? అన్నీ అడిగి, కష్టం లేకుంటే సున్నా, అసలే చేతకాకుంటే నాలుగు వేస్తారట. శంకరవ్వకు బీడీ కంపెనీ గుర్తొచ్చింది. అక్కడా ఇలాగే నలిపి చూసి పనికిరానివి పక్కకు పారేస్తారు. మగ్దలేనమ్మ కళ్ళ ముందు తాను పక్కకు పడాలా?

"నలుగురితోని కూసుంటున్నవా అవ్వా?"

"ఎందుకు కూసోను? అందరు నా అరుగు మీదికే వస్తరు. పొమ్మన్నా పోరు."

"అయితే సున్నా. గా సంగతి మనం చూసుడే అవసరం లేదు."

"అబద్ధం బిడ్డా," అంది మగ్దలేనమ్మ. "ఎవ్వరు పోతలేరు."

శంకరవ్వ భగ్గుమంది. "ఎట్ల పోతరు? నా చెయ్యి పడంగనే చాయ పోసి అందర్ని మలుపుకుంటివి!"

"అరుగంత మంచమేసుకుని పండితివి. నీ కాళ్ళ మీద కూసోవాల్నా, తల మీద కూసోవాల్నా? ఒక్కనాడన్న రమ్మన్నవా? తిట్టనీకైతే నోరు మంచిగనే లేస్తది."

నవీన నవ్వు ఆపుకుంది. "మంచం ఎవలేసిండ్రు?"

"కొడుకు. గాలి తలుగుతదని."

శంకరవ్వ చేతికి నవీన మూడు వేసింది. నలుగురిలో కలవడానికి నాలుగు వేసి, అడ్డం మంచమని రాసుకుంది. "చెయ్యికి టైం పడ్తదవ్వా. మంచం ఇయ్యాల్నే తీయొచ్చు."

మగ్దలేనమ్మను తిట్టుకోవడానికి కారణం లేకుండా పోయిందే! శంకరవ్వకు అదే మింగుడు పడలేదు.

సాయంత్రం వెంకటేశ్ మంచం లోపలికి జరిపాడు. మర్నాడు ఎదుటి అరుగు మీదికి చాటలు వచ్చాయి. శంకరవ్వ దర్వాజ పట్టుకుని నిలబడింది. రమ్మనడానికి నోరు రాదు, అనకుంటే వాళ్ళు రారు.

"ఓ మగ్దలేనా! గా ఎండల ఆకు పలుగుతలేదా? ఈడ నీడున్నది, కండ్లు కనవడ్తలెవ్వా?"

అందరూ చాటలెత్తుకుని వచ్చారు. మగ్దలేనమ్మ గోడకు ఆనుకునే చోట కూర్చోబోయింది.

"అది నాది. జరుగు."

జరిగింది. ఆమె వేళ్ళు టకటకా బీడీలు చుడుతుంటే శంకరవ్వ ఓర్వలేక మొహం తిప్పుకుంది. మగ్దలేనమ్మ కట్టలు కట్టే దారం కొస ఆమె ఎడమచేతిలో పెట్టింది.

"పట్టు. ఊకె కూసుంటే నీకే కడుపు మండుతది."

"గట్టిగ గుంజకు," అంది శంకరవ్వ. "తెగితే నాదే తప్పంటవ్."