విరగని పేర్ల బోర్డు

అమలాపురంలో నా కుట్టుమిషను కొట్టు పక్కనే ఆంజనేయప్రసాద్ గారి లేజరు కటింగు కొట్టు. కాదనే మాట ఆయన నోట రాదు. ఎవరేమడిగినా "ఆయ్" అనడమే. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

యాక్రిలిక్, చెక్క, కొబ్బరి చిప్ప ఆ మిషను మీద ముచ్చటగా తెగుతాయి. పి.వి.సి. ఫోమ్ షీటు మాత్రం పెట్టకూడదు. అది కాలితే వచ్చే పొగ విషం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కానీ ఓసారి ముక్తేశ్వరం పెళ్ళికి తీసుకెళ్తుంటే ఆయన కోసిచ్చిన యాక్రిలిక్ బోర్డు సరిగ్గా వధూవరుల పేర్ల మధ్య పుటుక్కున విరిగింది. అపశకునమని పెళ్ళివారు కొట్టు మీదికొచ్చి నానా మాటలూ అన్నారు. అప్పట్నుంచి విరగదని అందరూ ఫోమ్ షీటే తెచ్చేవారు. శుభకార్యానికి కాదనకూడదని ఈయన కోసేవారు.

ఆ పొగకి మిషను తుప్పు పట్టింది. ఆయనకి దగ్గు పట్టుకుంది.

"ఇనుమే తట్టుకోలేకపోతోంది, మీ గుండెలెంతండీ?" అని గొడవపడేదాన్ని.

"పొగ లాగే ఫ్యానుంది కదండీ వాణిగారూ" అని నవ్వేవారు. ఏం ఫ్యానో, నా మొహం!

ఒక్కగానొక్క కూతురు సత్యప్రియకి పెళ్ళి కుదిరింది. అప్పటికే ఆయన దగ్గు ముదిరింది. మళ్ళీ ఆ పొగ పీలిస్తే మనిషి దక్కడం కష్టమని డాక్టరు తెగేసి చెప్పారు.

"ఇక ముట్టుకోనండీ. కన్యాదానం నా చేత్తో చెయ్యాలి" అన్నారాయన. అల్లుడి కాళ్ళు కడగడానికి ఇత్తడి పళ్ళెం కొని, కొట్లోనే పెట్టుకుని, రోజూ తుడిచి నాకు చూపించేవారు.

పెళ్ళి దగ్గర పడ్డాక వియ్యంకుడు మాణిక్యాలరావు గారు వచ్చారు. చంకలో తెల్లటి ఫోమ్ షీటు!

"పేర్లు మీరే కొయ్యాలి బావగారూ. విరిగే రకం వద్దండీ, మా ఆడవాళ్ళకి పట్టింపు."

నేను గుమ్మంలో నుంచుని వద్దు వద్దని తల ఊపుతూనే ఉన్నాను. ఆయన నన్ను చూశారు. షీటు వైపు చూశారు.

"ఆయ్" అన్నారు.

పెళ్ళినాటికి ఆస్పత్రిలో ఆక్సిజను మీద ఉన్నారు. పీటల మీద సత్యప్రియ మేనమామ దంపతులు కూర్చున్నారు. ఆ ఇత్తడి పళ్ళెంలోనే అల్లుడి కాళ్ళు మేనమామ కడిగాడు. తల్లి పద్మావతి పక్కన నుంచుని, ఆస్పత్రిలో ఉన్న ఆయనకి కనబడేలా వీడియో కాల్ పెట్టి ఫోను పట్టుకుంది. నేను ఫోనులోకి తొంగి చూశాను.

"నాన్నా, కనిపిస్తున్నానా?" అంది పిల్ల.

మాస్కు వెనక ఆయన పెదవులు కదిలాయి. ఏమన్నారో నాకు వినబడక్కర్లేదు.

వధూవరుల వెనకాల ఆయన కోసిన పేర్ల బోర్డు ఎక్కడా విరగలేదు.