సుశీలక్క ఒరిజినల్స్ కోసం రేణిగుంట నుంచి చిత్తూరుకు

సుశీలక్క పదో తరగతి సర్టిఫికెట్టునూ, నర్సింగ్ డిప్లొమానూ చిత్తూరులోని ఒక జపనీస్ శిక్షణ కేంద్రం వాళ్ళు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. ఆమె ముఖాన్ని మాత్రం పెద్ద ఫ్లెక్సీగా వేయించి మేడ మీద నుంచి వేలాడదీశారు. ఒక్కమాట కూడా ఆమెను అడగలేదు. ఫోటో కింద ‘మా విద్యార్థిని, మా విజయం’ అని రాసుకున్నారు. ఆమె వాళ్ళ దగ్గర చదివింది మూడు వారాలు. మిగిలిన పదకొండు నెలలూ చదివింది రేణిగుంటలో, మా అద్దె గదిలో, అద్దం పగిలిన నా ఫోనులో, ఎవరికీ ఫీజు కట్టకుండా. వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు చెన్నైలో ఆమె కాగితాలు తనిఖీ చేస్తారు. ఒరిజినల్స్ చూపించకపోతే జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునేందుకు ఆమెకు వచ్చిన ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అందుకే నిన్న ఆదివారం ఇద్దరం చిత్తూరు బయలుదేరాం.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. రేణిగుంటలో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో లైన్ మీద పని నాది. ఇంటర్‌తో చదువు ఆగింది. మిషన్ నిలబడిపోయినప్పుడల్లా దాని తెర మీద జపాన్ అక్షరాలు వచ్చేవి. అవేమిటో మా సూపర్‌వైజరుకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ, అందుకని మమ్మల్ని తిట్టేవాడు. ఆ తిట్లు పడలేక నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇంత ఉందని అప్పుడే తెలిసింది. మూడు నెలలకు మిషన్ ఏమంటోందో నేనే చదివి చెప్పాను. సూపర్‌వైజరు తిట్టడం మానలేదనుకోండి, అది వేరే సంగతి.

సుశీలక్కది పూతలపట్టు దగ్గర పల్లె. ఉద్యోగం లేక ఇంటి దగ్గర ఉన్న రోజుల్లో చిత్తూరులో ఆ కేంద్రంలో చేరింది. చేరేటప్పుడు ‘ఒరిజినల్స్ పెట్టాలి’ అన్నారు, పెట్టింది. మన పక్క ఒరిజినల్స్ పెట్టాలంటే ఎందుకని అడిగే అలవాటే లేదు. కాలేజీలో పెడతాం, హాస్టల్లో పెడతాం, మొదటి ఉద్యోగంలో పెడతాం, జిరాక్స్ కాగితం పట్టుకుని ఇంటికొస్తాం. మూడు వారాలకే తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు పని దొరికి, నా గదిలోకి వచ్చింది. కాగితాలు అడిగితే ‘కోర్సు పూర్తయ్యాక’ అన్నారు. పోయిన నెల భాషా పరీక్ష పాసై, ఆ మాట చెప్పి మళ్ళీ అడిగింది. ‘చాలా సంతోషం, వచ్చి తీసుకుపోండి’ అన్నారు. పాపం, నమ్మింది.

మీరూ మా దారిలో పోయేటట్టయితే వివరాలు ఇవి. పొద్దున ఆరుంబావుకు రేణిగుంటలో బస్సెక్కితే అరగంటలో తిరుపతి బస్టాండు. అక్కడి నుంచి చిత్తూరుకు బస్సులకు కొదవలేదు, కానీ ఆడవాళ్ళు నాన్‌స్టాప్ ఎక్కకండి, దానికి డబ్బులు పెట్టాలి. ఆగుతూ పోయే మామూలు బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్. రెండు గంటలు పడుతుంది, పట్టనివ్వండి. మా కండక్టరు టికెట్లు చేతిలో పెడుతూ, “సున్నా టికెట్టే గదా అని కిటికీలోంచి పారేయొద్దు పాపా. సెకింగోళ్ళొస్తే పోయేది నా ఉజ్జోగం,” అన్నాడు.

చంద్రగిరి దాటేదాకా ఇద్దరం చెరొక ఇయర్‌ఫోను పెట్టుకుని వినికిడి పాఠం విన్నాం. అది మా అలవాటు. పరీక్ష అయిపోయినా అక్క మానలేదు. ఎండ కిటికీలోంచి ఆమె ఒళ్ళో పడుతోంది. చేతిసంచిలో ఖాళీ ప్లాస్టిక్ ఫైలు ఒకటి తెచ్చుకుంది, కాగితాలు నలగకుండా తీసుకురావడానికి. కొత్తది. దాన్ని చూస్తే నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

“వాళ్ళు గమ్మున ఇస్తారంటావా?” అన్నాను.

“ఇయ్యకపోతే వాళ్ళేం జేసుకుంటారు మే ఆ కాయితాల్ని? నా పేరుండాది గదా వాటి మీద.”

తొమ్మిదిన్నరకు చిత్తూరులో దిగాం. బస్టాండు బయట సందులో ఒక టిఫిను అంగడి ఉంది, మునెమ్మ అనే ఆవిడ నడుపుతుంది. నలభై రూపాయలకు రెండు ఇడ్లీ, ఒక వడ, అడిగినంత చెనిక్కాయల చట్నీ, అదే పల్లీ చట్నీ. చిత్తూరులో దిగితే అక్కడే తినండి. ఆమె వడ్డిస్తూ వడ్డిస్తూ అక్క ముఖంలోకి చూసి ఆగింది.

“నిన్ను యాడో సూసినా పాపా. ఆఁ, మార్కెట్టు దావలో బోర్డు మీద ఉండావు గదా నువ్వు. ఎలచ్చన్లో నిలబడినావా?”

“నేనా? కాదు పెద్దమ్మా. ఇంకెవరో అయ్యుంటారు.”

“నువ్వే. సచ్చిపోయినోళ్ళకు గూడా ఏస్తారులే బోర్డులు. నువ్వు సూస్తే ఇడ్లీ బాగానే తింటుండావు.” పకపకా నవ్వింది. జపాన్ సంగతి చెప్పగానే నవ్వు ఆపి, అక్క ఆకులో ఇంకో వడ వేసింది. దానికి డబ్బులు తీసుకోలేదు. “ఆడ ఇయ్యన్నీ యాడ దొరకతాయి, తిను,” అంది.

అక్కడి నుంచి కేంద్రానికి నడిచి పావుగంట. మలుపు తిరగగానే ఫ్లెక్సీ కనిపించింది. పైన జపాన్ కొండ, పక్కన పూలచెట్టు, మధ్యలో సుశీలక్క. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మాత్రం చాలాసేపు చూస్తూ నిలబడింది.

“ఈడ చేరేటప్పుడు ఇచ్చేదానికి ఆ ఫోటో దిగిన పొద్దు మా నాయన తోడొచ్చినాడు స్టూడియోకి,” అంది. “కెమెరా ఎనకాల నిలబడి నవ్వు నవ్వు అని ఒకటే గోల. అందుకే అట్ల నవ్వతా పడినాను. ఆయప్ప పోయినాడు. ఆ ఫోటో మా యింట్లో గూడా లేదు మే.”

తిట్టబోయినదాన్ని నేనూ తలెత్తి ఆ నవ్వును చూశాను.

మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీలు వేయించాడు, కాఫీ తెప్పించాడు. బీరువా తెరిచి అక్క కవరు తీసి మేజా మీద పెట్టాడు కూడా. దాని మీద చెయ్యి మాత్రం తీయలేదు.

“ఒక చిన్న ఉత్తరం, అంతేనమ్మా. మా దగ్గర చదివి పాసైనట్టు. సంతకం పెట్టి, పక్క గదిలో పిల్లలున్నారు, వాళ్ళకు రెండు మాటలు చెప్పు. మా వాడు వీడియో తీసుకుంటాడు. కాయితాలు పట్టుకుని పన్నెండు గంటల బస్సుకు పోవచ్చు.”

“మూడు వారాలే గదా సార్ నేను ఈడ చదివింది.”

“మూడు వారాలైనా మొదలైంది మా దగ్గరే గదా. అక్షరం దిద్దించినోడు గురువు కాదా? మా అవస్థ కూడా సూడమ్మా. ఫ్లెక్సీ మీద ముఖం లేకుంటే ఎవరొచ్చి చేరతారు?”

ఇక్కడ నా తప్పు ఒప్పుకుంటాను. ఈ బ్లాగులో ఎంతో మందిని కడిగేశాను, కాబట్టి నన్నూ వదలకూడదు. ఆ కవరు జానెడు దూరంలో ఉంది. నేను అక్క చెవిలో, “పెట్టెయ్ అక్కా సంతకం. ముందు కాగితాలు చేతికి రానీ, తర్వాత చూసుకుందాం,” అన్నాను. లోకమంతటి మీదా ఎగిరిపడే నేను ఆ మాట అన్నాను. అక్క నా వైపు చూసి తలూపింది. “ముందు పిల్లల్తో మాట్లాడొస్తాను సార్. సంతకం ఆమీట పెడతా,” అంది.

ఆదివారమైనా పక్క గదిలో పద్నాలుగు మంది ఆడపిల్లలు. అందరూ నర్సింగ్ చదివినవాళ్ళే, పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళకు పాఠం చెప్పే మాస్టారు మా ఈడువాడే, కుమార్ అని. మేనేజరు తలుపు దగ్గర నిలబడ్డాడు, ఒకతను ఫోను ఎత్తి వీడియో మొదలుపెట్టాడు. అక్క నోరు తెరిచేలోపే ముందు బెంచీలో పిల్ల ఒకటి లేచింది.

“అక్కా, ఈడ ఎన్ని నెల్లు సదివితే వచ్చింది నీకు? మా యమ్మ కమ్మలు కుదవబెట్టి చేర్పించింది. ఆరు నెల్లకు వస్తాదా?”

అక్క ఆ పిల్లను చూసింది. తలుపు దగ్గర మేనేజరును చూసింది. చాక్‌పీసు తీసుకుంది.

“ఈడ నేను మూడు వారాలు సదివినా పాపా. అక్షరాలు సగం వచ్చినాయి. మిగతాదంతా ఫోన్లోనే, ఊరికే. రాసుకోండి.”

ఆమె చెప్పినదే మీకూ చెబుతున్నాను, ఈ దారిన పోయేవాళ్ళకు ఇదే అసలు రూటు. జపాన్‌కు పనికి వెళ్ళేవాళ్ళ కోసం ఆ దేశపు సంస్థే ఒక పుస్తకం తయారుచేసి, ఆడియోతో సహా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. కొట్లో బేరమాడడం, డాక్టరుకు నొప్పి చెప్పుకోవడం లాంటి రోజువారీ మాటలే ఉంటాయి. అది వెన్నెముక. వాళ్ళ రేడియో వాళ్ళు పదేసి నిమిషాల పాఠాలు పెట్టారు, ఇంగ్లీషులోనూ హిందీలోనూ వివరణ ఉంటుంది, తెలుగు లేదు. ఒకసారి దించుకుని పెట్టుకుంటే బస్సులో సిగ్నల్ లేకపోయినా వినొచ్చు. మాటలు మరిచిపోకుండా చీటీల యాప్ ఒకటి ఉంది, మరిచిపోయే సమయానికి మళ్ళీ అదే మాట అడుగుతుంది, ఆండ్రాయిడ్‌లో ఉచితం. పరీక్ష పెట్టేవాళ్ళ సైట్‌లోనే నమూనా ప్రశ్నలు ఉంటాయి, కొనకండి. అక్షరాలు రోజుకు ఐదు, అంతకంటే ఆశపడితే ఏవీ నిలవవు. ఒక్క లోటేమిటంటే, ఉచితంగా దొరికే వాటిలో తిరిగి మాట్లాడే మనిషి ఉండడు.

“దానికి నువ్వేం జేసినావు?” అని వెనక నుంచి ఎవరో అడిగారు.

“మా వార్డులో ఒక తాత ఉండేవాడు. పక్షవాతం. ఒళ్ళు తుడిసేటప్పుడు ‘ఇతాయ్ దెస్ కా’ అనేదాన్ని. నొప్పిగా ఉండాదా అని. ఆయప్ప తెలుగులో తిట్టేవాడు. రోజూ అదే అడుగుతా ఉంటే, ఒకనాడు ‘హై’ అన్నాడు. అవును అని. యాడ అని అడిగితే మోకాలు సూపించినాడు. ఇంటికి పోయే పొద్దు, మళ్ళీ ఒకసారి అడగమ్మా అన్నాడు. పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా నాకు ఆ ‘హై’ అంత సంతోసం కాలేదు.”

పిల్లలు నవ్వారు. ఫోను పట్టుకున్నతను వీడియో ఎప్పుడో ఆపేశాడు. కుమార్ మాస్టారు మాత్రం చివరి బెంచీలో కూర్చుని వంచిన తల ఎత్తకుండా నోట్సు రాసుకుంటున్నాడు.

మేనేజరు గదిలోకి తిరిగి వెళ్ళేసరికి కవరు మేజా మీద లేదు.

“నా పొట్ట కొట్టినావమ్మా,” అన్నాడు. గొంతు పెంచలేదు. “ఇంక కోర్సు పూర్తయినాకే. రూల్ ప్రకారం.”

నేను అరిచాను. ఏమేమి అన్నానో ఇక్కడ రాయను, మా అమ్మ ఈ బ్లాగు చదువుతుంది. అక్క నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. మెట్ల మీద కుమార్ వెంటబడి వచ్చాడు. “అక్కా, ఆ రేడియో పాఠాలు యాడ దొరకతాయో ఇంగోసారి సెప్తారా? నాక్కూడా వినేది నిండా కష్టంగా ఉండాది,” అన్నాడు. అక్క మెట్టు మీద కూర్చుని అతని ఫోనులో వెదికి పెట్టి ఇచ్చింది. నేనైతే ఇచ్చేదాన్ని కాదు.

పన్నెండున్నర బస్సుకు వెనక్కి వచ్చాం. పూతలపట్టు దాటాక అడిగాను, “సంతకం పెడతానంటివే?”

“పెట్టాలనే అనుకున్నా. ఆ పాప కమ్మల మాట ఎత్తింది. నువ్వైతే సెప్పకుండా ఉందువా?”

ఉండేదాన్నేమో. అది అక్కకు చెప్పలేదు. ఆమె నా భుజం మీద తల పెట్టి తిరుపతి దాకా నిద్రపోయింది.

పదకొండు నెలలు నేను ఆమెకు నేర్పాననుకున్నాను. అక్షరాలు నేర్పిన మాట నిజం. తప్పు రాస్తే విసుక్కున్నాను, ఆలస్యంగా గుర్తొస్తే కసిరాను. నేను మిషన్ ఏమంటోందో తెలుసుకోవడానికి నేర్చుకున్నాను, ఆమె ఒక మనిషికి ఎక్కడ నొప్పిగా ఉందో అడగడానికి నేర్చుకుంది. పాఠాలు ఇద్దరికీ అవే, ఫోను కూడా అదే. కోపంతో నేర్చుకున్నది నన్ను ఫ్యాక్టరీ గేటు దాటించలేదు. ఆమె మాత్రం దాటాలి. అంత దూరంలో ఒక ముసలావిడో ముసలాయనో, నొప్పి ఎక్కడని అడిగే మనిషి కోసం చూస్తున్నారు. మధ్యలో అడ్డం చిత్తూరులోని ఒక బీరువా తాళం.

చదివేవాళ్ళకు ఒకే ఒక సలహా. ఎక్కడ చేరినా ఒరిజినల్స్ చూపించండి, ఇవ్వకండి. వాళ్ళు చూసినంతసేపూ ఎదురుగా నిలబడి, చూడగానే వెనక్కి తీసుకుని, జిరాక్స్ మాత్రం పెట్టండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. ఉచితంగా దొరికే పాఠాల సంగతి పైన రాశాను.

ఇక కేంద్రం మేనేజరు గారికి. ఈ పోస్టు మీ ఫోనుకు కూడా పంపుతున్నాను. సుశీలక్క పదో తరగతి ఒరిజినల్, డిప్లొమా ఒరిజినల్, రెండూ ఆమె చేతికి ఇవ్వాలి. ఏ ఉత్తరమూ లేదు, ఏ సంతకమూ లేదు. ఫ్లెక్సీ దించి పారేయకండి, చుట్టి ఆమెకే ఇవ్వండి, ఆ ఫోటో వాళ్ళింట్లో లేదు. ఎప్పుడు రమ్మంటారో శుక్రవారం సాయంత్రం ఐదు గంటల లోపల జవాబు చెప్పండి. చెప్పకపోతే శనివారం పొద్దున తొమ్మిదికి మేమిద్దరం మీ ఊరి పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు కాగితంతో ఉంటాం.