ఎడమ పేజీ

ఉదయం తొమ్మిదింటికి మా ఆఫీసు భవనంలో అడుగుపెడితే మనుషులకంటే ముందు పలకరించేది ఫినాయిలు వాసన. హైటెక్ సిటీలో ఏ అద్దాల భవనానికి వెళ్ళినా అదే వాసన, అదే తడి నేల, పక్కన అదే పసుపురంగు హెచ్చరిక బోర్డు. ఆ వాసన ముక్కుకు తగలగానే నా చెయ్యి దానంతటదే బ్యాగులో ఉన్న నోటుపుస్తకాన్ని తడిమి చూసుకుంటుంది. మొన్న అలా తడుముకుంటూ లిఫ్టు కోసం నిలబడి ఉండగా, నేను చదువుకున్న మానవశాస్త్ర విభాగం నుంచి ఫోను వచ్చింది. సదస్సు పెడుతున్నారట. విషయం ‘మానవశాస్త్రం: గతం, భవిష్యత్తు’. నాకు పదిహేను నిమిషాలు ఇస్తారట, పది స్లైడ్లు దాటకూడదట. చిలక జోస్యం చెప్పేవాడు కూడా ఒక్క మనిషి గతం, భవిష్యత్తు చెప్పడానికి అంతకంటే ఎక్కువ సేపు తీసుకుంటాడు. ఆ మాటే అన్నాను. అవతలి కుర్రాడు నవ్వి, “మీరు కార్పొరేట్‌లో సక్సెస్ అయ్యారు కదా మేడమ్, ఇన్‌స్పైరింగ్‌గా ఏదైనా చెప్పండి” అన్నాడు. ఒళ్ళు మండింది. నాకు ఈ శాస్త్రం నేర్పిన మనిషి ఈ మాట విని ఉంటే ఆ ఫోను వాడి చెవిలోనే పగిలేది.

ఆమెను మేమంతా మేడం అనేవాళ్ళం, ఇక్కడా అలాగే అంటాను. మెదక్ వైపు మనిషి. పొట్టిగా ఉండేది, నూలు చీర కట్టేది, మాట్లాడుతున్నంతసేపూ సోంపు నములుతూనే ఉండేది. ఇరవై ఏళ్ళకు పైగా పాఠం చెప్పినా ఆ శాస్త్రం మీద ఆమెకు విసుగు పోలేదు, దాన్ని వదలనూ లేదు. తాగుబోతు తమ్ముణ్ణి తిడుతూనే అన్నం పెట్టే అక్కలా ఉండేది ఆ వ్యవహారం. నేను మొదటిసారి ఆమె గదికి వెళ్ళి, “నా పేరు కృప అండి, మాది ఒంగోలు దగ్గర, అమ్మ నర్సు, మూసాపేటలో ఉంటామండి” అని చెబుతుండగానే లేచి బీరువా తెరిచింది. రెండు వంకర కాళ్ళున్న ఒక ఉక్కు పనిముట్టు తీసింది. ఏమిటో అర్థమయ్యేలోపే దాని చల్లటి కాళ్ళు నా కణతలకు ఆనాయి. అంకె చూసి బల్లమీది కాగితం మీద రాసింది. తర్వాత ఇంకో చిన్న పనిముట్టుతో నా ముక్కు కొలిచింది.

“ఇగ చెప్పు. గీ రెండు అంకెలు చూస్తే నీ గురించి ఏం తెల్సింది?”

“ఏమీ తెలియలేదండి.”

“మన శాస్త్రం తాతలు గిట్లనే కొలిచిన్రు. ఎవడు దొంగ కులపోడో, ఎవడు మంచోడో పుస్తకాలు రాసిన్రు. సర్కారు ఆ పుస్తకాలు పట్టుకొని జనాన్ని ఠాణాల చుట్టు తిప్పింది. ముందుగాల గిది యాద్ పెట్టుకో. సిలబస్ తర్వాత సదువుకోవచ్చు.”

అలా నా చదువు మొదలైంది. తర్వాత వచ్చింది నోటుపుస్తకం గోల. బయటికి వెళ్ళి జనంతో మాట్లాడి వచ్చినప్పుడు కుడి పేజీలో మేము చూసింది, విన్నది రాయాలి. ఎడమ పేజీలో వాళ్ళు మమ్మల్ని అడిగింది రాయాలి. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు, ఆమె సొంత చాదస్తం. నేను ఎండలో తిరిగి ముత్యాల్లాంటి అక్షరాలతో కుడి పేజీలు నింపి తెస్తే, వాటివైపు చూసేది కాదు. చకచకా ఎడమ పేజీలు మాత్రం తిప్పి, ఖాళీగా ఉంటే పుస్తకం బల్లమీదికి విసిరేది. “ఒక్కలు గూడ నిన్నేం అడగలేదంటే నువ్వు ముచ్చట పెట్టలే. వాళ్ళను ఠాణాల కూసోబెట్టినవ్.” నాకు ఏడుపొచ్చేది. ఒకసారి విసుగెత్తి, అందరూ ‘భోజనం చేశావా?’ అని అడిగినట్టు నాలుగు పేజీలు అబద్ధం రాసి ఇచ్చాను. ఆమె చదివి, కళ్ళద్దాలు తీసి నావైపు చూసింది. “జర ఆలోచించు కృపా. పన్నెండు మందికి ఒకే రోజు నీ ఆకలే కనవడ్డదా?” అంది. ఆ రోజు నుంచి మా అమ్మ దగ్గర ఆమెను తిట్టని రోజు లేదు.

అవి తెలంగాణ ఉద్యమం ఊపుమీద ఉన్న రోజులు. వారం మధ్యలో బంద్, బస్సులు ఉండవు, నిరసనగా రోడ్ల మీదే వండుకుని తినే వంటావార్పు. మేడం పొద్దున రోడ్డు మీద కూర్చుని వంకాయలు తరిగి, మధ్యాహ్నం వచ్చి పాఠం చెప్పేది. ఆమె ఉద్యమమనిషని అందరికీ తెలుసు. ఒకసారి కొందరు విద్యార్థి నాయకులు కరపత్రం రాసుకుని ఆమె సంతకం కోసం వచ్చారు. అందులో తెలంగాణవాళ్ళ రక్తంలోనే కష్టపడే గుణం ఉందనీ, కోస్తావాళ్ళ రక్తంలో మోసం ఉందనీ రాశారు. మానవశాస్త్రం ప్రొఫెసర్ సంతకం ఉంటే శాస్త్రీయంగా ఉంటుందట. నేను మూలన కూర్చుని ఎటు చూడాలో తెలియక నా చెప్పులు చూసుకుంటున్నాను. మేడం బీరువా తెరిచి ఆ ఉక్కు పనిముట్టు వాళ్ళ ముందు పెట్టింది. “మన నీళ్ళ గురించి రాయున్రి, నౌకరీల గురించి రాయున్రి, సంతకం పెడ్త. రక్తం గురించి రాయాల్నంటే మొదలు మీ ముక్కులు కొలుస్త, రాన్రి” అంది. వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. నాకు ఓదార్పుగా ఆమె ఒక్క మాటా చెప్పలేదు, పైగా ఎడమ పేజీ చూపించమంది.

నా పరిశోధన ఐటీ భవనాల్లో శుభ్రం చేసే పనివాళ్ళ గురించి. లోపలికి వెళ్ళాలంటే గేట్‌పాస్ కావాలి. ఒక భవనం మేనేజరు పాస్ ఇస్తానన్నాడు, బదులుగా బంద్ రోజుల్లో పనివాళ్ళు ఎందుకు రావడం లేదో చిన్న రిపోర్టు రాసిమ్మన్నాడు. మేడం మూతి ముడిచింది. “గేటు తెరిచినోడు ఊకె తెరవడు” అంది. అయినా నేను ఒప్పుకున్నాను. అక్కడ పరిచయమైంది బాలమణి. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నేను “మీరు ఎప్పటినుంచి పనిచేస్తున్నారండి?” అని అడిగితే పడీ పడీ నవ్వింది. “నన్ను అండి అని మా ఆయన తాగినప్పుడు గూడ అనలే” అంది. మణికొండలో పాత ఊరి సందుల్లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. ఆ గదిలో నేను తాగిన ఛాయ్‌కి లెక్కలేదు. ఒకప్పుడు ఆ భవనం ఉన్నచోటే వాళ్ళ అత్తగారి జొన్నచేను ఉండేదట. అది వినగానే నా కలం పరుగెత్తింది. బాలమణి నిట్టూర్చింది. “అందరు గదే రాసుకుంటరు చెల్లే. చేను మీద రాసినంత ఎవ్వలు నా మోకాళ్ళ నొప్పి మీద రాయరు.”

ఆ రోజు ఎడమ పేజీలో రెండు ప్రశ్నలు పడ్డాయి. ఒకటి, “తెలంగాణ వస్తే నువ్వు యాడికి వోతవ్?” రెండోది, “నువ్వు రాసేది నాకు సదివి వినిపిస్తవా?” మొదటి ప్రశ్న నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. రెండోదాన్ని రాసుకుని మర్చిపోయాను. మేడం మాత్రం రెండోదాని కింద ఎర్రపెన్నుతో గీత గీసింది. ఎందుకో నేను అడగలేదు.

రిపోర్టు రాశాను. బంద్ రోజున బాలమణి, ఇంకొందరు ఆడవాళ్ళు పనికి సెలవు చెప్పి వంటావార్పుకు ఎలా వెళ్ళారో, ఎంత సంబరంగా పులిహోర కలిపారో పూసగుచ్చినట్టు రాశాను. మా శాస్త్రంలో నియమం ఉంది, మాట్లాడినవాళ్ళ పేరు మార్చాలి. మార్చాను. బాలమణిని ‘లక్ష్మి’ చేశాను. కానీ ఆమె రూపం గురించి ఒక వాక్యం రాశాను. ఏం రాశానో ఇక్కడ చెప్పను. ఆ వాక్యం నాకు చాలా నచ్చింది, రెండుసార్లు పైకి చదువుకున్నాను కూడా. మేనేజరు ఫోను చేసి, “కళ్ళకు కట్టినట్టు రాశారండీ” అని మెచ్చుకున్నాడు. నిజంగానే కట్టాను. మూడోరోజు ఉదయం బాలమణి గేటు దగ్గరకు వెళితే ఆమె కార్డు పనిచేయలేదు. మిగతావాళ్ళను గుర్తుపట్టలేకపోయారు కాబట్టి వాళ్ళు బతికిపోయారు.

మేడం గదిలో నేను అరిచాను. “పేరు మార్చాను కదా మేడం! నియమం పాటించాను కదా!”

“పేరు మార్చినవ్. మనిషిని మార్చినవా?”

“ఇదే రిపోర్టు మీవాళ్ళెవరైనా రాసి ఉంటే ఇలా అడిగేవారా? నేను ఆంధ్రా పిల్లనని కదా మీ కోపం!”

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె సోంపు నమలడం ఆపింది. నన్ను పంపించేస్తుందనుకున్నాను, ఇంకో గైడును వెతుక్కోమంటుందనుకున్నాను. కానీ ఆమె, “రేపు పొద్దుగాల తొమ్మిదింటికి మణికొండ బస్టాప్ కాడ ఉండు. రిపోర్టు తెచ్చుకో” అంది.

వెళ్ళాను. బాలమణి గదిలో చాప మీద కూర్చోబెట్టి, ఆ రిపోర్టు మొదటి అక్షరం నుంచి చదవమంది మేడం. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో వాక్యం తెలుగు చేస్తూ చదివాను. ఆ వాక్యం దగ్గరకు వచ్చేసరికి కాగితం మడవబోయాను. “సదువు” అంది మేడం. చదివాను. బాలమణి ఏడవలేదు, తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. “గిది నేనేనని కండ్లు లేనోడు గూడ చెప్తడు” అంది. నా చేతిలోని కాగితం చూస్తూ, “గిన్ని రోజులు నా ఇంట్ల ఛాయ్ తాగినవ్. గీ కాగితం ముందుగాల నాకెందుకు సదవలే చెల్లే? ఆ ఒక్క ముక్క తీసెయ్యమందును” అంది. ఆమె అడగనే అడిగింది, నేను నా చేతులతోనే రాసుకున్నాను, ఎర్రగీత కూడా పడింది.

ముగ్గురం కలిసి మేనేజరు దగ్గరకు వెళ్ళాం. రిపోర్టులో ఎవరి పేరూ లేదు కదండీ, మనుషుల్ని తీసేది ఏజెన్సీ, మాకు సంబంధం లేదు అన్నాడు. ఏజెన్సీవాళ్ళు భవనంవాళ్ళను అడగమన్నారు. మేడం మూడు రోజులు ఆ గేటు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది, పక్కనే బాలమణి నిలబడింది. ఉద్యోగం తిరిగి రాలేదు. నా పరిశోధనలో ఆ బంద్ రోజుల గురించిన అధ్యాయం చింపేసి మళ్ళీ మొదటినుంచి రాశాను, ఈసారి ప్రతి పేజీ ఎవరి గురించి రాశానో వాళ్ళకు చదివి వినిపించాకే ఇచ్చాను. రెండేళ్ళు ఆలస్యమైంది. ఆ ఆలస్యం గురించి మేడం ఎన్నడూ తొందరపెట్టలేదు. తెలంగాణ వచ్చింది. నేను ఎక్కడికీ పోలేదు, మూసాపేటలోనే ఉన్నాను. మేడం ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. దవాఖానాలో మంచం మీద కూడా నర్సు పిల్లను పట్టుకుని, “నన్నే అన్నీ అడుగుతున్నవ్, నేను నిన్ను అడిగేది యాడ రాసుకుంటవ్?” అని సతాయించింది.

నేను చివరకు ఒక కంపెనీలో చేరాను. వాళ్ళ యాప్‌లు వాడే జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడం నా పని. అంటే గేటు తెరిచినవాడి దగ్గరే జీతం తీసుకుంటున్నాను, అందులో దాచేదేమీ లేదు. నేను రాసింది జనానికి చదివి వినిపించి తెస్తానంటే మా వాళ్ళకు విసుగు. పోయిన నెల ఒక కొత్త కుర్రాడు మీటింగులో, “ఇంతమందిని వెతకడం ఎందుకండి? కంప్యూటర్‌కి చెబితే అదే యాభైమంది కస్టమర్లలా జవాబులిస్తుంది” అన్నాడు. తెలివైన పిల్లాడే. “వాళ్ళు నిన్నేమైనా అడిగారా?” అన్నాను. అతనికి అర్థం కాలేదు. పన్నెండుమందికి ఒకే రోజు నా ఆకలి కనబడిన ఆ అబద్ధపు పేజీలు గుర్తొచ్చాయి. ముక్కులు కొలిచిన తాతలకూ అవతలివాళ్ళు అడిగే ప్రశ్నతో పని లేకపోయింది, ఈ మనవలకూ లేదు. సదస్సులో చెప్పాల్సిన గతమూ భవిష్యత్తూ నాకు తెలిసినంతవరకు ఇంతే, దీనికి స్లైడ్లు అక్కర్లేదు.

సదస్సు కోసం రాసుకున్నదే ఇది. అలవాటు ప్రకారం మొన్న ఆదివారం చర్చి అయ్యాక మియాపూర్ వెళ్ళాను. బాలమణి అక్క ఇప్పుడు అక్కడ కర్రీ పాయింట్ నడుపుతోంది. మధ్యాహ్నం జనం తగ్గాక గిన్నెల మధ్య స్టూలు వేసి కూర్చోబెట్టింది. పప్పు ప్యాకెట్లకు రబ్బరుబ్యాండ్లు వేస్తూ మొత్తం వింది. నేను ఆమె పేరు మార్చి రాశాను, రూపం గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. చదవడం అయ్యాక అడిగింది.

“గిది నేనని ఎవరన్న గుర్తువడ్తరా?”

“ఎవరూ గుర్తుపట్టరు అక్కా. ఫికర్ పడకు.”

“గట్లెట్ల? అప్పుడు పేరు దాచి నన్ను చూపెట్టినవ్. ఇప్పుడు నన్ను దాచినవ్, పేరు గూడ దాస్తవా? నౌకరి పోగొట్టుకున్నది నేను. గేటు కాడ మూడు రోజులు నిలవడ్డది నేను. నా పేరు పెట్టు.”

నియమం ఒప్పుకోదని చెప్పబోయి ఆగిపోయాను. అక్కడే, ఆ పప్పు వాసనలో కూర్చుని, మారుపేరు ఉన్న ప్రతిచోటా కొట్టేసి బాలమణి అని రాశాను. అందుకే ఇందులో ఉన్నది ఆమె అసలు పేరు. మేడం పేరు మాత్రం రాయలేదు. అడిగి రాద్దామంటే ఆమె లేదు.