‘సోంగ్’ అంటే ఎంతదూరం

శంషాబాద్ విమానాశ్రయం ద్వారానికి పది గజాల ఇవతల లిన్ మూడోసారి "బూ యోంగ్ సోంగ్" అంది. సాగనంపనక్కర్లేదు, ఇక వెళ్లండి అని. యాదమ్మ వినలేదు. పెట్టె పిడి వదలకుండా ముందుకే నడిచింది. లిన్ పకపకా నవ్వేసింది.

ఇల్లు కదిలేటప్పుడు ఇద్దరికీ ఆ నవ్వు లేదు.

లిన్ చైనా ఇంజినీరు. గగన్‌పహాడ్‌లో ఒక ఫ్యాక్టరీకి యంత్రాలు బిగించడానికి వచ్చి, ఏడాదిగా యాదమ్మ ఇంటి మేడమీది గదిలో కిరాయికి ఉంది. కొన్ని యంత్రాలు మిగిలుండగానే గడువు తీరి ఆరోజు చైనా వెళ్లిపోతోంది. ఆదివారాలు నేను రాజేంద్రనగర్ నుంచి వెళ్లి ఆమె దగ్గర చైనీస్ నేర్చుకునేవాణ్ని. ‘సోంగ్’ అనే క్రియకు నా పుస్తకం ‘పంపు’ అని ఒక్క ముక్కలో అర్థమిచ్చింది.

ఎనిమిదింటికి గుమ్మంలోనే లిన్ ఆ మాట అంది. నేను అర్థం చెప్పాను.

"రావొద్దంటదా? నా చేతి బువ్వ తిని గిట్లంటదా?" యాదమ్మ అరుగు దిగలేదు.

లిన్ వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి చూసింది. వెంట నేనొక్కణ్నే. చిన్నబోయిన ముఖంతో తిరిగొచ్చి, తనకొచ్చిన తెలుగులో అడిగింది.

"అక్కా, నేను బువ్వ చాలంటే ఆగుతవా?"

"ఎందుకాగుత? ఇంకో గంటె ఏస్త."

"సోంగ్ గూడ గట్లనే."

వెళ్లేవాళ్లు వద్దనాలి, ఇంటివాళ్లు వినకూడదు. యాదమ్మ చెప్పులేసుకుని, పెట్టె లాక్కుంది.

హైవే మీద ఎయిర్‌పోర్టు బస్సు దొరికింది.

"చీనా పోయే పిల్లను సోంగ్ చేస్తున్న," అని యాదమ్మ పక్క సీటాయనకు చెప్పింది.

"ఈ బస్సు ఆడిదాంక పోదక్కా!"

"ఏడ ఆపితే ఆడిదాంక పోత. నీకేంది పరేషాన్?"

తొమ్మిదిన్నరకు ద్వారం చేరాం. టికెట్ లేనివాళ్లను లోపలికి పోనివ్వరు. జవాను చెయ్యి అడ్డం పెట్టాకే యాదమ్మ పిడి వదిలింది.

"నువ్వొద్దంటే ఆగలే, ఈయన ఆపితే ఆగిన. యాదుంచుకో."

అద్దాల అవతలికి వెళ్తూ లిన్ వెనక్కి తిరిగి అరిచింది: "పోయొస్త అక్కా!"

తిరుగు బస్సులో కండక్టరుకు కూడా యాదమ్మ సోంగ్ అంటే ఏమిటో చెప్పింది. నేను పుస్తకంలో ‘పంపు’ కొట్టేసి ‘వద్దన్నా వెంట నడువు’ అని రాసుకున్నాను.

మిగిలిన యంత్రాలు బిగించడానికి ఎవరిని పంపేదీ లిన్ కంపెనీ ఇంకా తేల్చలేదు. మేడమీది గదికి యాదమ్మ ఇంకా కిరాయి బోర్డు పెట్టలేదు.